నల్లమొగలో పొగ ఋతువు

నల్లమొగ పట్టణంలో పొగ ఎప్పుడు రావాలో నిర్ణయిస్తూ ప్రభుత్వ ఉత్తర్వు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. కవరు చించి, ముద్ర కొట్టి, ఫైల్లో పెట్టింది నేనే. నా పేరు కామేశం. మున్సిపల్ ఆఫీసులో ఆరోగ్య విభాగం సీనియర్ అసిస్టెంటుని.

రాష్ట్రమంతటా ఏకరూపత సాధించే నిమిత్తం ఫిబ్రవరి ఒకటో తేదీ నుంచి మార్చి ముప్పై ఒకటి వరకు గల కాలాన్ని 'వాయు కాలుష్య ఋతువు'గా ప్రకటించడమైనదని అందులో ఉంది. గాలిని కొలిచే యంత్రం, ఆయాసానికి మందులు, చేలో గడ్డిని చుట్టలు చుట్టే మిషన్లు, అన్నీ ఆ ఋతువులోనే విడుదలవుతాయి. ఋతువు ముగిసేసరికి ప్రతి పట్టణమూ తన కాలుష్యాన్ని నలభై శాతం తగ్గించి చూపవలెను.

చిక్కల్లా ఒక్కటే. మా ఊళ్లో పొగ డిసెంబరులో వస్తుంది.

మాది గోదావరి సముద్రంలో కలిసే చోటు. మూడు పక్కలా వరిచేలు, నాలుగో పక్క సముద్రం. తొలి పంట సార్వా కోతలు నవంబరు మూడో వారంలో మొదలవుతాయి. కోత మిషను ధాన్యం తీసుకుని, గడ్డిని ముక్కలు చేసి చేనంతా చల్లేసి పోతుంది. రెండో పంట దాళ్వా నాట్లకి దుక్కి మొదలుపెట్టడానికి రైతుకి మిగిలేది మూడు వారాలు. గడ్డి ఏరడానికి మనుషులు దొరకరు. అగ్గిపుల్ల మాత్రం ప్రతి ఇంట్లోనూ దొరుకుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే సముద్రం గాలి ఆగిపోతుంది, తెల్లవారుజామున మంచు దిగుతుంది. పొగ ఆ మంచుని పట్టుకుని ఊరి మీద కూర్చుంటుంది. ఫిబ్రవరి వచ్చేసరికి చేలన్నీ నీళ్లతో, పచ్చటి నాట్లతో ఉంటాయి. సముద్రం గాలి ధారాళంగా వీస్తుంది. ఆ నెలలో మా ఊరి గాలిని సీసాల్లో పట్టి అమ్ముకోవచ్చు.

ఈ సంగతంతా ఒక పేజీ నోటు రాసి మా కమిషనర్ సూర్యప్రకాశం గారికి పెట్టాను. ఆయన దాని మీద 'చూశాను' అని రాసి తిప్పి పంపారు. సంతకం చాలా అందంగా ఉంది.

డిసెంబరు మొదటి వారంలో పట్టణ ఆరోగ్య కేంద్రం నుంచి సిస్టర్ మార్తమ్మ ఆఫీసుకొచ్చింది. పాతికేళ్లుగా ఆ కేంద్రంలో నర్సు. ఊళ్లో సగం మంది చేతుల మీద ఆవిడ సూది గుర్తులుంటాయి. తెల్ల కోటు నిండా పొగ వాసన.

"నెబ్యులైజర్ మందు అయిపోవచ్చిందండి కామేశం గారు. రోజుకి ముప్పై మంది వస్తన్నారు, ఆయాసమని. ఇండెంటు రాసి నెలైంది. ఏమైందో కనుక్కుందామని వచ్చాను" అంది.

ఆవిణ్ణి కమిషనర్ గారి గదిలోకి తీసుకెళ్లాను. కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఉన్న బస్టాండు కనపడడం లేదు. బస్సు హారను మాత్రం వినపడుతోంది.

సూర్యప్రకాశం గారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "చూడండి సిస్టర్. మందు మంజూరైంది. కాకపోతే ఋతుపూర్వ వినియోగానికి నిబంధనల్లో అవకాశం లేదు. ఫిబ్రవరి ఒకటిన మీకు కావలసినంత అందజేయబడుతుంది."

"జనం ఇప్పుడు దగ్గుతున్నారండి."

"దగ్గుతుండవచ్చు. కానీ అది కాలుష్యం వల్ల వచ్చే దగ్గు కాదు. కాలుష్యం ఇంకా ప్రారంభం కాలేదు."

"మరి బయటున్నది ఏంటండి?"

ఆయన కిటికీ వైపు చూశారు. చాలాసేపు చూశారు. "మంచు" అన్నారు.

ఆ సాయంత్రమే నాచేత ఒక సర్క్యులరు రాయించారు. ఋతువుకి ముందు గాలిలో కనపడు తెల్లని, బూడిదరంగు లేక నల్లని పదార్థమును రికార్డుల్లో 'మంచు'గా పేర్కొనవలెనని, దాని వలన కలుగు ఇబ్బందిని 'చలి దగ్గు'గా నమోదు చేయవలెనని. నేను రాశాను. రాస్తుంటే కళ్లు మండాయి. మంచు వల్లనే అనుకున్నాను.

మర్నాడు బొమ్మిడి సత్తిరాజు వచ్చాడు. ఊరి శివారు లంకపేటలో నాలుగెకరాల రైతు. అతని భార్య మంగాయమ్మకి పెళ్లికి ముందు నుంచీ ఉబ్బసం ఉంది. లంకపేటలోనే ఉన్న మున్సిపాలిటీ మైదానం పక్కనే వాళ్ల ఇల్లు.

"గడ్డి చుట్టే మిషను వచ్చిందంట కదండి. ఒక్క రోజు ఇప్పించండి. చేలో అగ్గి పెట్టాలంటే నాకు చేతులు రావట్లేదండి. పెట్టిన రోజల్లా మా ఆవిడ కూర్చున్న చోట నుంచి లేవలేదు" అన్నాడు.

మిషను వచ్చిన మాట నిజం. ఆఫీసు వెనక షెడ్డులో టార్పాలిను కప్పి ఉంది. దాని చక్రాలకి తాళ్లు కట్టి, లక్కతో సీలు వేసి, 'ఋతు ప్రారంభోత్సవం నాడు మాత్రమే తెరవవలెను' అని చీటీ అంటించింది కూడా నేనే.

"ఫిబ్రవరిలో తీసుకో సత్తిరాజూ" అన్నాను.

"ఫిబ్రవరిలో చేలో నాటు ఉంటాదండి. నాటుని చుట్టమంటారా?"

అతణ్ణి కమిషనర్ గారి గదిలోకి తీసుకెళ్లాను. ఆయన దగ్గర సమాధానం ఉంది కానీ అది మరీ పెద్దది, మూడు పేరాలు. సత్తిరాజు మూడు పేరాలూ నిలబడి విని, "ఆయ్, అలాగేనండి" అని వెళ్లిపోయాడు. రెండు రోజులు చూశాడు. మూడో రోజు చేలో అగ్గి పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లు అప్పటికే పెట్టేశారు.

ఆ సాయంత్రం మంగాయమ్మకి ఊపిరి ఆడలేదు. ఆరోగ్య కేంద్రంలో మిగిలిన ఆఖరి మందు బుడ్డి సిస్టర్ మార్తమ్మ ఆమెకే పట్టింది. చాలలేదు. ఆటోలో వేసుకుని నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. దారి పొడుగునా రెండు వైపులా చేలు కాలుతూనే ఉన్నాయట. భార్య తల ఒళ్లో పెట్టుకుని, తడి తువ్వాలు ముక్కుకి అడ్డం పట్టి, సత్తిరాజు కూర్చున్నాడని సిస్టర్ తర్వాత చెప్పింది. వెనక సీటులో ఆవిడా ఉంది.

మంగాయమ్మ తొమ్మిది రోజులు అక్కడే ఉండి బతికి బయటపడింది. పెద్దాసుపత్రి డాక్టరు ఇచ్చిన కాగితంలో 'గడ్డి కాల్చిన పొగ వలన తీవ్రమైన ఆయాసం' అని రాశాడు. ఆ కాగితం ఆఫీసుకి రాగానే సూర్యప్రకాశం గారి ముఖం పాలిపోయింది. ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితంలో, అదీ డిసెంబరు తేదీతో, 'పొగ' అనే మాట. నన్ను పిలిచి, సదరు వైద్యునికి మన సర్క్యులరు ప్రతి పంపి దిద్దించమన్నారు. పంపాను. ఆ డాక్టరు సర్క్యులరు వెనక పక్క "మీరు ఒకసారి వచ్చి ఛాతీ పరీక్ష చేయించుకోండి, ఉచితం" అని రాసి పంపాడు. అది ఎవరి ఛాతీ గురించో తేల్చుకోలేక ఫైల్లో పెట్టేశాను.

ఫిబ్రవరి ఒకటి వచ్చింది. మున్సిపల్ మైదానంలో షామియానా వేశారు. జిల్లా నుంచి నోడల్ అధికారి శేషశయనం గారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉంటారు. ఏ వాక్యమైనా "గౌరవ కమిటీ అభిప్రాయం ప్రకారం" అని మొదలుపెడతారు. రిబ్బను కత్తిరించి, కాలుష్య ఋతువు ప్రారంభమైనట్లు ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. గాలిని కొలిచే యంత్రాన్ని పెట్టెలోంచి తీసి స్తంభానికి బిగించారు. దానికో పెద్ద అంకెల బోర్డు ఉంది. సముద్రం గాలికి షామియానా ఎగిరిపోయేలా ఉంది.

బోర్డు మీద ముప్పై ఒకటి అని వెలిగింది.

"ఎక్కువేనా అండి?" అని కమిషనర్ గారు ఆశగా అడిగారు.

శేషశయనం గారు తల అడ్డంగా ఊపారు. "ఇది స్వచ్ఛమైన గాలి."

"అయితే మంచిదే కదండి" అని పొరపాటున అన్నాను. ఇద్దరూ నా వైపు తిరిగారు.

"గౌరవ కమిటీ అభిప్రాయం ప్రకారం మనం నలభై శాతం తగ్గించాలి" అన్నారు శేషశయనం గారు. "ముప్పై ఒకటిలో నలభై శాతం తగ్గిస్తే పద్దెనిమిది. పద్దెనిమిది రావాలంటే పడవెక్కి సముద్రం మధ్యకి పోవాలి. తగ్గింపు చూపలేని పట్టణాలను 'విఫల పట్టణాలు'గా ప్రకటిస్తారు. ఈ గాలి మన లక్ష్యసాధనకి అవరోధంగా ఉంది."

ఆ వారమంతా యంత్రాన్ని మోసుకుని ఊరంతా తిరిగాం. ఆటో స్టాండులో పెట్టాం. ముప్పై ఆరు. చేపల మార్కెట్లో పెట్టాం. వాసన భరించలేకపోయాం కానీ అంకె ముప్పై మూడు దాటలేదు. చివరికి మెయిన్ రోడ్డులో పకోడీల బండి పక్కన, మూకుడికి జానెడు దూరంలో పెట్టాం. యాభై తొమ్మిది వచ్చింది. సూర్యప్రకాశం గారు సంతోషంతో పావుకిలో పకోడీ కొన్నారు. నూనె చింది యంత్రం సగం రోజు పని చేయలేదు.

అప్పుడు శేషశయనం గారు అసలు మార్గం చెప్పారు. తగ్గించడానికి ముందు ప్రాథమిక స్థాయి ఒకటి ఉండాలి. అది సహజంగా లేనప్పుడు ఏర్పాటు చేసుకోవాలి. దాని పేరు 'నియంత్రిత ప్రాథమిక దహనం'. అంటే గడ్డి కాల్చడం.

సత్తిరాజుని, లంకపేట రైతుల్ని పిలిపించారు.

"మీ గడ్డి ఏది?" అన్నారు కమిషనర్ గారు.

"డిసెంబరులోనే కాల్చేశామండి."

"ఎవరి ఉత్తర్వుతో?"

ఆ మధ్యాహ్నం ముప్పై ఏడు మందికి నోటీసులు రాశాను. 'ఋతువుకి ముందే గడ్డిని దహనం చేసి, తద్వారా పట్టణానికి న్యాయంగా చెందవలసిన కాలుష్యమును వృథా చేసినందుకు మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో ఏడు రోజుల్లో తెలుపవలెను.' సత్తిరాజు నోటీసుని నా ముందే కూడబలుక్కుని చదివాడు.

"కాల్చినందుక్కాదండీ, ఫిబ్రవరిలో కాల్చనందుకా ఇది?"

"అవును."

"మా ఆవిడకి చూపిత్తానండి" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నవ్వలేదు. నేను తల ఎత్తలేదు.

ఊళ్లో గడ్డి లేదు కనుక ఎగువ మండలాల నుంచి పన్నెండు లారీల గడ్డి తెప్పించారు. పాడి రైతులు గేదెల కోసం దాచుకున్న గడ్డి అది. మైదానంలో మేడంత కుప్ప వేశారు. అంతకు ముందురోజే ఆరోగ్య కేంద్రానికి ఆయాసం మందులు వచ్చాయి, పద్దెనిమిది అట్టపెట్టెలు. వాటితోపాటు ఋతువులో మూడు వందల మంది రోగులకి తక్కువ కాకుండా వినియోగించవలెనని కాగితం కూడా వచ్చింది. అప్పటికి సిస్టర్ మార్తమ్మ రిజిస్టరులో ఆయాసం రోగులు ఇద్దరు. ఆ ఇద్దరూ చుట్ట తాగే ముసలాళ్లు.

దహనం రోజు పొద్దున్నే ఆవిడ మంగాయమ్మని ఇంట్లోంచి తీసుకెళ్లి ఆరోగ్య కేంద్రంలో, కిటికీలు మూసిన గదిలో కూర్చోబెట్టింది. తర్వాత నేరుగా మైదానానికి వచ్చింది. కుప్పకీ కమిషనర్ గారికీ మధ్య నిలబడింది.

"దీని చుట్టూ నూటయాభై ఇళ్లున్నాయండి. పసిపిల్లలున్నారు. బాగున్న గాలిని ఎందుకండి పాడు చేయడం?"

"మీరే ఈ మాట అనడం ఆశ్చర్యంగా ఉంది సిస్టర్" అన్నారు సూర్యప్రకాశం గారు. ఆయన గొంతులో నిజంగానే ఆశ్చర్యం ఉంది. "డిసెంబరులో రోగులున్నారు, మందు లేదని వచ్చారు. ఇప్పుడు మందుంది, రోగులు లేరు. ఆ లోటు కూడా తీరుస్తున్నాం. ఇంకేం కావాలి మీకు?"

సిస్టర్ ఆయన్ని కాసేపు చూసింది. ఆ చూపు చూసి నేనైతే అగ్గిపెట్టె కింద పడేసేవాణ్ణి. ఆయన అగ్గిపెట్టె శేషశయనం గారికి అందించారు. సిస్టర్ వెనక్కి తిరిగి వేగంగా ఆరోగ్య కేంద్రానికి వెళ్లిపోయింది. అక్కడ పని ఉంటుందని ఆవిడకి తెలుసు.

రెండు రోజులు కాలింది. బోర్డు మీద మూడు వందల ఎనభై ఎనిమిది దాకా వెళ్లింది. అంకె పెరిగినప్పుడల్లా అధికారులు ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. సిస్టర్ మార్తమ్మ రెండు రోజులూ ఇంటికి వెళ్లలేదు. రెండు వందల పధ్నాలుగు మందికి మందు పట్టింది. అందులో ఏడు నెలల పాప ఒకత్తి. ఆ పాపకి ఊపిరి కుదుటపడేదాకా దాని తల్లి మెట్ల మీద కూర్చుని నేలని చేత్తో కొడుతూనే ఉంది. ఆ శబ్దం నాకు మున్సిపల్ ఆఫీసు దాకా వినిపించినట్టే అనిపించింది. నిజానికి నేను వెళ్లి చూశాను, అందుకే తెలుసు.

మూడో రోజు మంట ఆరింది. సముద్రం గాలి పొగని తుడిచేసింది. వారం తిరక్కుండా బోర్డు మీద ముప్పై మూడు. తొంభై ఒక్క శాతం తగ్గింపు. రాష్ట్రంలో ప్రథమ స్థానం. సూర్యప్రకాశం గారికి రాజధానిలో శాలువా కప్పారు. 'నల్లమొగ నమూనా' అని ఒక పుస్తకం అచ్చయింది. జూన్‌లో దాన్ని అనుసరించి కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇకపై రైతులెవరూ డిసెంబరులో గడ్డి కాల్చరాదు. చుట్టే మిషన్లను నవంబరులోనే విడుదల చేసి, గడ్డినంతటినీ చుట్టలుగా చుట్టించి, పురపాలక సంఘాలు భద్రపరిచి, ఫిబ్రవరిలో శాస్త్రీయంగా దహనం చేయవలెను. గడ్డి నిల్వకి బాధ్యుడిగా మా ఊళ్లో నన్ను నియమించారు.

ఫిబ్రవరిలో చుట్టడానికి గడ్డి లేక తెరవకుండా ఉండిపోయిన మిషను లక్క సీలు ఆ నవంబరులో నేనే ఊడదీశాను. మిషను చేలోకి దిగింది. సత్తిరాజు దాని వెనకే నడిచాడు, చుట్ట పడిన చోటల్లా ఆగి చేత్తో తట్టి చూసుకుంటూ. డిసెంబరు మొత్తం మా ఊళ్లో ఒక్క చేనూ కాలలేదు. పొద్దున్న మంచు పడింది. అది మంచే. ఎండ రాగానే పోయింది. కంచె వేసి తాళం పెట్టిన మైదానంలో మాత్రం నాలుగు వేల గడ్డిచుట్టలు కొండలా పేరుకున్నాయి, ఫిబ్రవరి కోసం.

జనవరి మొదటి వారంలో సిస్టర్ మార్తమ్మ మా ఆఫీసుకొచ్చింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"డిసెంబరు రిజిస్టరు తెచ్చానండి, చూడండి."

పేజీలు తిప్పాను. ఆయాసం కింద మూడే పేర్లు ఉన్నాయి. మంగాయమ్మ పేరు లేదు.

"మైదానం తాళం మీ దగ్గరే కదండి కామేశం గారు? ఎగువ ఊళ్లల్లో పాడి రైతులకి మేత లేదంట. పోయినేడు వాళ్ల గడ్డే కదండి మనం కాల్చింది. సత్తిరాజు ట్రాక్టరు తోలతానన్నాడు. పట్టపగలే తోలతాడంట, దాచేదేం లేదంటన్నాడు."

"నా ఉద్యోగం పోతుంది సిస్టర్."

"పోదండి. బదిలీ అవుద్ది" అంది ఆవిడ. ఓదార్చడం లేదు, రోగికి ఉన్నది ఉన్నట్టు చెప్పినట్టు చెప్పింది. "ఆ పాప ఇప్పుడు నడుస్తందండి. పోయినేడు మెట్ల మీద మీరూ నిలబడ్డారు. నేను చూశాను."

ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను రాయని అబద్ధం లేదు. అన్నీ ఎవరో చెబితే రాసినవే. ఆ రోజు మొదటిసారి నా అంతట నేను ఒకటి రాశాను. తాళం చెవి బల్ల మీద పెట్టి, నిల్వ రిజిస్టరు తెరిచి, 'గడ్డి యథాతథముగా ఉన్నది' అని సంతకం చేశాను. అలా నాలుగు వారాలు చేశాను. ట్రాక్టర్లు నాలుగు వారాలు తిరిగాయి. కమిషనర్ గారు కిటికీలోంచి వాటిని చూసి, ఋతు సన్నాహాలు ముమ్మరంగా ఉన్నాయని జిల్లాకి నివేదిక పంపారు.

ఫిబ్రవరి ఒకటిన షామియానా వేశారు. శేషశయనం గారు రిబ్బను కత్తిరించి, అగ్గిపెట్టె తీసి, మైదానం వైపు తిరిగారు. మైదానంలో రెండు మేకలున్నాయి. బోర్డు మీద ఇరవై తొమ్మిది.

విచారణ అక్కడికక్కడే మొదలైంది.

"నాలుగు వేల చుట్టలు ఏమయ్యాయి?" అన్నారు శేషశయనం గారు.

"గేదెలు తినేశాయండి" అన్నాను.

"ఎవరి అనుమతితో?"

"అవి అడగలేదండి."

ఆయన ఆ మాటను యథాతథంగా రాసుకున్నారు. సూర్యప్రకాశం గారు కుర్చీలో కూలబడి, ఎగువ మండలాల నుంచి లారీలు రప్పించమన్నారు. అక్కడి రైతులు ఈసారి గడ్డి అమ్మేది లేదన్నారు. మార్చి ముప్పై ఒకటి దాటిపోయింది. డిసెంబరులో కాలుష్యం లేక, ఫిబ్రవరిలోనూ కాలుష్యం లేక, తగ్గించడానికి ఏమీ మిగలని కారణంగా నల్లమొగని 'వాయు కాలుష్య నియంత్రణలో విఫల పట్టణం'గా ప్రకటించారు. సూర్యప్రకాశం గారి శాలువా వెనక్కి అడగలేదు కానీ ఆయన్ని పనీ పెత్తనమూ లేని లూప్ లైను పోస్టులో పడేశారు. లక్ష్యం మేరకు రోగుల్ని చూపనందుకు సిస్టర్ మార్తమ్మకి మెమో వచ్చింది. ఆవిడ దాన్ని మందుల అలమరలో అడుగున పరిచింది. నన్ను మెట్ట ప్రాంతానికి, వరి పండని ఊరికి బదిలీ చేశారు. గడ్డితో నాకు సంబంధం లేకుండా చూడవలెనని ఉత్తర్వులో ప్రత్యేకంగా రాశారు.

వెళ్లే రోజు పొద్దున్న బస్టాండులో సత్తిరాజు ఎదురొచ్చాడు. నా పెట్టె అందుకుని బస్సు మీదికి ఎక్కించాడు. వెనకాలే మంగాయమ్మ నిలబడి ఉంది. చేతిలో గిన్నె, పైన గుడ్డ కట్టి ఉంది. ఎగువ ఊరి రైతులు పంపిన జున్ను అంది. ఆమెను అంత దగ్గరగా చూడడం నాకు అదే మొదలు.

లంకపేట నుంచి బస్టాండుకి రెండు కిలోమీటర్లు ఉంటుంది.

"ఆటోలో వచ్చారా అమ్మా?" అని అడిగాను.

"లేదండి" అంది మంగాయమ్మ. "నడిచొచ్చాను."